తుప్పు మీద పీహెచ్‌డీ చేస్తే ఏమొస్తది?

పోస్టు పొడుగ్గా ఉంది, తీరిక చూసుకొని చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక చెల్లె ఇట్లా అడిగింది: "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. పీహెచ్‌డీ సీటు వచ్చేటట్టుంది. టాపిక్ గ్రాఫీన్ పూతలతో ఇనుముకు తుప్పు పట్టకుండ ఆపుడు. ఇంట్లోనేమో గ్రూప్స్‌కు ప్రిపేర్ కమ్మంటున్నరు. అశోక్‌నగర్ రావాల్నా, ల్యాబ్‌కు పోవాల్నా? అసలు ఈ తుప్పు టాపిక్‌తోని మనోళ్లకు ఏమొస్తది?"

జవాబుల్లో ఎక్కువ "ముందు జాబ్ కొట్టు చెల్లె, రీసెర్చ్ తర్వాత చూసుకోవచ్చు" అన్నవే. ఆ మాట అన్నవాళ్లను తప్పు పట్టలేం. ఇంటి పరిస్థితి తెలిసిన వాళ్లు అట్లనే అంటరు. మేము అశోక్‌నగర్‌లో ఒకే రూంలో ఉండి చదువుతున్న ఐదుగురం. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కుల నుంచి వచ్చినం. మాలో ఇద్దరిది కెమిస్ట్రీ, ఒకరిది మెటలర్జీ డిప్లొమా. రెండు రాత్రులు కూర్చొని మాట్లాడుకొని ఈ జవాబు రాస్తున్నాం. సీటు తీసుకో, వద్దు అని మేము చెప్పం. అది నీ జీవితం, నీ ఇల్లు. కానీ నీ ప్రశ్నలో చివరి ముక్క ఉంది చూడు, మనోళ్లకు ఏమొస్తది అని, దానికి మాత్రం మాకు తెలిసినంత చెప్తాం.

ముందు మేముండే చోటు సంగతి. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. దాని దగ్గర్నే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు. ఇటు నారాయణగూడ దాకా హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు. ఈ లోకంలో గ్రాఫీన్ అంటే ఒక్క మార్కు బిట్టు. 'గ్రాఫీన్ ఏ మూలకం రూపాంతరం?' కార్బన్. '2010 ఫిజిక్స్ నోబెల్ ఎవరికి?' ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్. బబుల్ నింపి తర్వాతి బిట్టుకు పోతాం. తుప్పు కూడా అంతే. 'ఇనుము తుప్పు పట్టుట ఏ చర్య?' ఆక్సీకరణం. అయిపోయింది.

కానీ లైబ్రరీ గేటు దాటి బయటికొస్తే చుట్టూ ఉన్నది ఆ బిట్టే. ఇందిరా పార్కు నుంచి అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వీఎస్టీ దాకా పోయే స్టీల్ బ్రిడ్జిని 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు. ఖర్చు దాదాపు రూ.450 కోట్లు. పట్టిన ఉక్కు 12 వేల టన్నులకు పైమాటే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అది మెట్రో లైను మీది నుంచి పోతుంది. ఇట్లాంటి ఉక్కు కట్టడానికి, వానకు నడుమ ఉండేది పెయింటు ఒక్కటే. మామూలుగా ఉక్కు వంతెనలకు మూడు పూతలు వేస్తారు. అడుగున జింకు ఎక్కువుండే ప్రైమర్, దాని మీద ఎపాక్సీ, పైన ఎండను తట్టుకునే పాలీయురేథేన్. మూడూ కలిపినా మన వెంట్రుకకు మూడు నాలుగింతల మందం. అంత సన్నటి పొర పనిచేసినన్నాళ్లే కోట్ల రూపాయల వంతెన నిలబడుతుంది.

తుప్పు వల్ల ప్రపంచానికి అయ్యే నష్టాన్ని నేస్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో లెక్క కట్టింది. ఏడాదికి సుమారు 2.5 లక్షల కోట్ల డాలర్లు. మొత్తం ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. ఇప్పటికే తెలిసిన పద్ధతులను సరిగ్గా పాటిస్తే అందులో 15 నుంచి 35 శాతం మిగుల్చుకోవచ్చని కూడా చెప్పింది. అంటే ఇది తీరిన సమస్య కాదు. అట్లని చేతకాని సమస్యా కాదు.

అసలు తుప్పు ఎట్లా పడుతుంది? కొందరు దీన్నే జిలుము అంటరు. ఇనుముకు నీళ్లూ గాలీ రెండూ తగిలితే, ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఇంకోచోట నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఇచ్చే చోటు, పుచ్చుకునే చోటు, నడుమ కరెంటు పోవడానికి లోహం, పక్కన తడి. ఈ నాలుగూ కలిస్తే అది చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీ నడిచినంతసేపు ఇనుము కరిగిపోతూ ఉంటుంది. ఉప్పు తగిలితే ఇంకా జోరుగా నడుస్తుంది. అల్యూమినియం కూడా గాలికి మారుతుంది. కానీ దాని మీద ఏర్పడే పొర గట్టిగా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే మన సత్తు గిన్నెలు ఏళ్ల తరబడి ఉంటాయి. ఇనుము తుప్పు అట్లా కాదు. ఉబ్బుతుంది, పొరలు పొరలుగా రాలుతుంది, రాలిన చోట మళ్లీ కొత్త ఇనుము బయటపడుతుంది.

ఈ సంగతి మనోళ్లకు కెమిస్ట్రీ పుస్తకం కన్నా ముందే తెలుసు. నాగలి కర్రు దున్నినన్నాళ్లు తళతళ మెరుస్తది, పని అయిపోయి చూరుకింద పెడితే ఎర్రబడ్తది. అందుకే కొడవలికి, గొడ్డలికి ఇంత నూనె రాసి పెడతరు. నూనె పొర ఉన్నంతసేపు తడి ఇనుమును తాకదు. రొట్టెల పెంక సంగతి ఇంకా గమ్మత్తు. నూనె రాసి మళ్లీ మళ్లీ కాలిస్తే ఆ నూనె ముదిరి, గట్టిపడి, నల్లటి పొరగా పెంకకు పట్టుకుంటది. ఇనుమును కాపాడే కార్బన్ ఎక్కువున్న పూత అది. కొత్త కోడలు పెంకను సబ్బుపెట్టి గట్టిగా తోమితే ముసలమ్మ ఎందుకు కోప్పడతదో ఇప్పుడు అర్థమైతది కదా.

ఢిల్లీ ఇనుప స్తంభం గురించి జీకేలో చదివినం. సుమారు 1,600 ఏళ్లుగా వానకు తడుస్తూ నిలబడింది. ఐఐటీ కాన్పూర్‌లో ఆర్. బాలసుబ్రమణియం అనే మెటలర్జీ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి దాన్ని చదివి కారణం చెప్పారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. తడుస్తూ ఆరుతూ ఉండగా దాని మీద సన్నటి గట్టి పొర ఒకటి ఏర్పడి కాపాడుతున్నది. ఆనాడు కొలిమి దగ్గర నిలబడి పనిచేసిన వాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

చెల్లె, ఇక్కడ ఇంకో మాట. ఈ ఇనుము ఎక్కడి నుంచి వస్తది? వైజాగ్ స్టీల్ ప్లాంటుకు ముడి ఖనిజం బైలదిల్లా నుంచి పోతది. దంతెవాడలోని ఆ కొండ ఎద్దు మూపురం లెక్క ఉంటదని ఆ పేరు. అక్కడ 1968 నుంచి తవ్వుతున్నారు. తవ్వే కంపెనీ ఎన్‌ఎండీసీ హెడ్డాఫీసు మన హైదరాబాద్‌లోనే, మాసబ్ ట్యాంక్‌లో ఉంది. ఇటు మన బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలో స్టీల్ ప్లాంటు పెట్టొచ్చా లేదా ఆరు నెలల్లో చూడాలని 2014 రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో రాశారు. పదేళ్లు దాటింది, ప్లాంటు లేదు. ఈ వ్యవహారంలో మనోళ్ల వంతు ఎక్కువగా భూమి ఇచ్చుడు, లోడింగ్ కూలికి పోవుడు. ఇనుము గురించి తెలిసిన మనిషిగా, దాని గుణం చెప్పే మనిషిగా బల్లకు అవతలి వైపు మనోళ్లు కూర్చున్నది చాలా తక్కువ.

గ్రాఫీన్ ముచ్చట కూడా మన కొండల నుంచే మొదలుపెట్టొచ్చు. గ్రాఫీన్‌కు తల్లి గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకులో ఉండే నల్లటి పదార్థం. మన తూర్పు కనుమల్లో, అరకు దిక్కున ఎక్కువగా కనిపించే ఒక రాయి ఉంది. అందులో గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు గ్రాఫైట్ ఉంటుంది. దాని పేరు ఖోండలైట్. కలహండి ప్రాంతంలో సర్వే చేసిన టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఆ పేరు పెట్టాడు. అక్కడి ఖోండు ఆదివాసుల పేరు మీద. మన ఏజెన్సీలో కోదులు అంటామే, వాళ్లే. ప్రపంచంలో ఏ జియాలజీ పుస్తకం తెరిచినా ఆ రాయికి మన జాతి పేరే. పేరు అక్కడున్నది సరే, ఆ పుస్తకం రాసేవాళ్లలో కూడా మనం ఉండాలె కదా అని మాకనిపించింది.

గ్రాఫైట్ అంటే పొరల కట్ట. అందులో ఒక్క పొరను విడదీస్తే గ్రాఫీన్. కార్బన్ పరమాణువులు ఆరుకోణాల గదులుగా, అచ్చం తేనెపట్టు లెక్క అల్లుకొని ఉంటాయి. ఒక్కో పొర మందం సుమారు 0.335 నానోమీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటర్ గ్రాఫైట్‌లో దాదాపు 30 లక్షల పొరలు. 2004లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీలో గైమ్, నోవోసెలోవ్ మామూలు అతుకుడు టేపుతో గ్రాఫైట్‌ను ఒలిచి ఒలిచి ఒక్క పొర దాకా తెచ్చారు. ఆ పనికే 2010 నోబెల్.

దీన్ని తుప్పుకు మందుగా ఎందుకు చూశారంటే, ఆ తేనెపట్టు గదులు అంత ఇరుకు. 2008లో అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఒక్క పొర గ్రాఫీన్‌ను చిన్న గుంత మీద మూతలాగా పెట్టి చూస్తే, హీలియం వాయువు కూడా దాని గుండా దూరలేదు. గాలిలో కలిసిన వాయువుల్లో అన్నిటికన్నా చిన్నది అదే. అదే దూరకపోతే నీళ్లు, ఆక్సిజన్ ఎట్లా దూరుతాయి? ఆశ పుట్టింది. 2011లో టెక్సాస్‌లో ఒక రాగి నాణేనికి గ్రాఫీన్ పొర వేసి, పొర లేని నాణేన్ని పక్కన పెట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పరీక్షించారు. పొర లేనిది రంగు మారింది, ఉన్నది మెరుస్తూనే ఉంది. 2012లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ల ప్రయోగంలో గ్రాఫీన్ పెంచిన రాగి 7 రెట్లు నెమ్మదిగా, పొరలు కప్పిన నికెల్ 20 రెట్లు నెమ్మదిగా తుప్పు పట్టాయి. ఇక పత్రికల్లో హడావిడి మొదలైంది. ఇంత పల్చటి కవచం ఇంకోటి లేదన్నరు.

ఆ మరుసటి సంవత్సరమే, 2013లో, కాలిఫోర్నియాలోని బర్కిలీ నుంచి ఒక పేపర్ వచ్చింది. దీర్ఘకాలం లోహాన్ని కాపాడే అడ్డుగా చూస్తే గ్రాఫీన్ ఏమీ లేకపోవడం కన్నా అన్యాయం అని పేపర్ పేరులోనే చెప్పారు. వాళ్లు గంటల లెక్కనే కాదు, నెలల తరబడి కూడా చూశారు. మొదట్లో గ్రాఫీన్ కాపాడింది. పోను పోను గ్రాఫీన్ ఉన్న రాగే, లేని రాగి కన్నా ఎక్కువ చెడిపోయింది.

ఎందుకు? ఈ కారణమే ఈ టాపిక్ మొత్తానికి గుండెకాయ. అందుకే నెమ్మదిగా చెప్తాం. గ్రాఫీన్‌కు రెండు గుణాలు. ఒకటి, దాని గుండా ఏదీ పోదు. రెండు, కరెంటు మాత్రం బ్రహ్మాండంగా పోతుంది. అసలు పొరలో ఎక్కడో ఒకచోట చీలిక, అతుకు, గీత లేకుండా పెద్ద పొర తయారుచేయడం చాలా కష్టం. ఆ సందులోంచి తడి దిగుతుంది. ఇప్పుడు పైన చెప్పిన బ్యాటరీని గుర్తు తెచ్చుకోండి. గ్రాఫీన్ తాను ఎలక్ట్రాన్లు ఇచ్చేది కాదు, దాని పైన ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు పుచ్చుకోవడానికి వేదిక అవుతుంది. పుచ్చుకునే చోటు మైదానమంత. ఇచ్చే చోటు చీలిక కింద కనిపించే సూదిమొనంత ఇనుము. ఆ భారమంతా ఆ సూదిమొన మీద పడుతుంది. అక్కడ ఇనుము మామూలు కన్నా తొందరగా, లోతుగా తినేయబడుతుంది. పైకి బాగానే కనపడుతుంది, లోపల గుంత పడుతుంది.

జింకు రేకు దీనికి సరిగ్గా ఉల్టా. ఇనుప రేకు మీద జింకు పూసే పద్ధతికి ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఆయన 1837లో పేటెంట్ తీసుకున్నాడు. జింకు రేకుకు గీత పడితే, జింకు ముందుకొచ్చి తాను ఎలక్ట్రాన్లు ఇచ్చి, తాను కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. మన ఆశ్రమ పాఠశాలల రేకులు గీతలు పడ్డా చాలా ఏళ్లు ఆగేది అందుకే. జింకు అయిపోయిన రోజు నుంచే ఎర్ర మరకలు మొదలవుతాయి. కాబట్టి కవచం ఎంత గట్టిది అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. గీత పడిన రోజు అది ఏం చేస్తది అన్నది చూడాలె. తుప్పు మీద పనిచేసేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. గ్రాఫీన్ మొదటి హడావిడిలో చాలామంది ఈ ప్రశ్న వేయలేదు.

ఇంకో చిక్కు. మంచి గ్రాఫీన్ పొర పెంచాలంటే రాగి మీద సుమారు 1,000 డిగ్రీల వేడిలో మీథేన్ వాయువు పంపాలి. స్టీల్ బ్రిడ్జిని కొలిమిలో పెట్టలేం కదా. అదీగాక వేడి ఇనుము కార్బన్‌ను తనలోకి పీల్చుకుంటుంది. అందుకని ఉక్కు దగ్గరికి వచ్చేసరికి దారి మార్చారు. ఒకే పెద్ద పొర వద్దు, చిన్న చిన్న గ్రాఫీన్ రేకలు పెయింటులో కలుపుదాం అన్నారు. చాలా ప్రయోగాల్లో పెయింటు బరువులో నూటికి ఒక పాలు లోపే కలుపుతారు. ఎండుటాకులు ఒకదానిమీదొకటి పరిచిన అడవి నేల మీద నీళ్లు పోస్తే సూటిగా దిగవు, ఆకు ఆకును తప్పించుకుంటూ వంకర టింకరగా దిగుతాయి. పెయింటులో రేకలు అడ్డంగా పరుచుకుంటే తడికి కూడా అదే గతి. దారి పొడుగైతది, ఇనుముకు చేరేసరికి ఏళ్లు పడతాయి. రేకలు ఒకదాన్నొకటి తాకకుండా పెయింటు నడుమ ఉంటే కరెంటు బాధ కూడా తగ్గుతుంది. గ్రాఫీన్‌కు ఆక్సిజన్ జోడించి గ్రాఫీన్ ఆక్సైడ్ చేస్తే దానికి కరెంటు గుణం బాగా తగ్గిపోతుంది, పెయింటులో కలవడం కూడా సులువు. గ్రాఫైట్‌ను ఆమ్లంతో, పర్మాంగనేట్‌తో అట్లా మార్చే పద్ధతి 1958 నాటిది, హమ్మర్స్ పద్ధతి అంటారు. చెల్లె, నువ్వు ల్యాబ్‌కు పోతే మొదటి నెలల్లో చేతికి వచ్చే పని బహుశా అదే.

కరెంటు గుణాన్ని పనికొచ్చేట్టు వాడే దారి కూడా ఉంది. జింకు ప్రైమర్‌లో జింకు రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ ఇనుము దాకా వరుస కట్టాలి. లేకపోతే జింకు త్యాగం ఇనుముకు అందదు. అందుకే ఆరిన పూత బరువులో 80 శాతం దాకా జింకే నింపుతారు. నడుమ కాసిన్ని గ్రాఫీన్ రేకలు వేస్తే అవి తీగల్లాగా జింకు రేణువులను కలుపుతాయి. తక్కువ జింకుతో అదే కాపలా. ఒక్క గుణమే, ఒకచోట చెడగొట్టింది, ఇంకోచోట ఆదుకుంటున్నది. ఈ తేడా చూడగలగడమే రీసెర్చ్ అని మాకు అర్థమైంది.

ఇక మార్కెట్ సంగతి. సిటీలో కార్ల డిటైలింగ్ షాపుల ముందు 'గ్రాఫీన్ కోటింగ్' అని బోర్డులు కనిపిస్తాయి. డబ్బాలో నిజంగా ఏముందో ఎవరు చూడాలె? 2018లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు ప్రపంచంలో 60 కంపెనీల గ్రాఫీన్ తెప్పించి పరీక్షిస్తే, ఎక్కువ కంపెనీల సరుకులో అసలు గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు. మిగిలింది మామూలు గ్రాఫైట్ పొడి. రేపు ఇదే పేరుతో మన ఊళ్లకు, మన హాస్టళ్లకు, మన వాగుల మీది వంతెనలకు పెయింటు టెండర్లు వస్తాయి. ఆ డబ్బా మూత తీసి ఇది గ్రాఫీన్ కాదు అని చెప్పగలిగే మనిషి మనలో ఒకరుండుడు చిన్న సంగతా?

మనకు దగ్గరి ఉదాహరణ బోరింగు. మన గూడేల్లో చాలా చోట్ల ఉన్నది ఇండియా మార్క్-2 హ్యాండ్ పంపు. నీళ్లు పైకి తెచ్చే పైపులు జింకు పూసిన ఇనుపవి. నీటికి పులుపు గుణం ఉంటే, అంటే పీహెచ్ 6.5 కన్నా తగ్గితే, ఆ జింకు నిలవదు. తర్వాత ఇనుము కరుగుతది. నీళ్లు ఎర్రగా, తుప్పు వాసనతో వస్తాయి. అన్నం రంగు మారుతది, బట్టలు మరకలు పడతాయి. జనం ఆ బోరింగు వదిలేసి మళ్లీ వాగుకు, చెలమకు పోతారు. వానకాలంలో ఆ నీళ్లతో జ్వరాలు, వాంతులు, విరేచనాలు. పైపుకు పట్టిన తుప్పు ఇట్లా మనుషుల దాకా వస్తది. అక్కడ ప్లాస్టిక్ పైపో, స్టెయిన్‌లెస్ స్టీల్ పైపో వేస్తే సరిపోవచ్చు, గ్రాఫీనే కావాలని లేదు. తాగే నీళ్లు తగిలే చోట కొత్త పూత వేయాలంటే అందులోంచి ఏం ఊడి నీళ్లలో కలుస్తదో ముందు తేల్చాలి. ఎక్కడ గ్రాఫీన్ కావాలె, ఎక్కడ అక్కర లేదు అని చెప్పడానికి కూడా తుప్పు చదివిన మనిషే కావాలె.

ఇప్పుడు లెక్కలు. ల్యాబులు మనకు దూరం లేవు. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది, లోహాల మీద పూతలకు అక్కడ ప్రత్యేక కేంద్రాలే ఉన్నాయి. తార్నాకలో ఐఐసీటీ, కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్, కందిలో ఐఐటీ, వరంగల్‌లో ఎన్ఐటీ మెటలర్జీ విభాగం. తమిళనాడు కారైకుడిలో తుప్పు మీదే ఏళ్లుగా పనిచేస్తున్న సీఎస్ఐఆర్ వాళ్ల సెక్రీ. చిక్కడపల్లి నుంచి తార్నాకకు సిటీ బస్సు ఎక్కితే పోవచ్చు, కానీ మా చుట్టూ చదివేవాళ్లలో అటు దిక్కు చూసినవాళ్లు తక్కువ. డబ్బు సంగతి: జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేలు. గిరిజన మంత్రిత్వ శాఖ ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 మందికి జాతీయ ఫెలోషిప్ ఇస్తది. అయితే ఫెలోషిప్పు నెలనెలా టైముకు పడుతదని లెక్క వేసుకొని ఇంటికి మాట ఇవ్వొద్దు. ఆలస్యం అయ్యే నెలలుంటాయి. ఐదేళ్లు పడతది. ఆ తర్వాత ఉద్యోగం ఖాయం అని ఎవరూ రాసివ్వరు.

అశోక్‌నగర్ మాత్రం రాసిస్తదా? ఇక్కడ ఒక్కో పోస్టుకు ఎంతమందో మీకు తెలుసు. నోటిఫికేషన్, వాయిదా, కోర్టు కేసు, మళ్లీ నోటిఫికేషన్. మేము ఇక్కడే ఉన్నాం, ఇంకా ఉంటాం. డిప్యూటీ కలెక్టర్ కుర్చీలో మనోడు కూర్చుంటే ఊరికి మేలే, అందులో అనుమానం లేదు. కానీ మనలో చదువుకున్న వాళ్లందరూ ఇదొక్క గేటు ముందే లైన్ కడితే, మిగతా గేట్లలో మన తరఫున ఎవరూ లేకుండ పోతరు. ఎమ్మెస్సీ చదివి, సీటు చేతిదాకా వచ్చిన చెల్లెను కూడా ఇదే లైన్‌లోకి రమ్మని పిలవడానికి మాకైతే మనసొప్పలేదు.

పోవాలనుకుంటే గైడ్‌ను మూడు ప్రశ్నలు అడుగు. పూతకు గీత పెట్టి ఉప్పునీటిలో ఎన్ని రోజులు పరీక్షిస్తరు? గ్రాఫీన్ ఎక్కడి నుంచి తెస్తరు, దాని నాణ్యత ఎట్లా చూస్తరు? ఇంతకుముందు ఈ ల్యాబ్‌లో చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నరు? జవాబులు సూటిగా వస్తే మంచి ల్యాబ్ అనుకో. మొదటి ప్రశ్నకు తడబడితే ఇంకో ల్యాబ్ వెతుక్కో. పోవద్దనుకుంటే అశోక్‌నగర్‌లో మా రూం పక్కనే అమ్మాయిల హాస్టల్ ఉంది, నోట్సు మేమిస్తాం. ఏ దారి పట్టినా మనోళ్ల చెల్లెవే.

చివరగా గ్రూపులో అందరికీ ఒక పని. ఈసారి ఊరికి పోయినప్పుడు రెండు ఖాళీ తెల్ల సీసాలు పట్టుకపోండి. తెల్లారి ఎవరూ కొట్టక ముందు బోరింగు దగ్గరికి పోయి, మొదట వచ్చిన నీళ్లు ఒక సీసాలో పట్టండి. ఇరవై ముప్పై బిందెలు నిండేదాకా ఆగి, రెండో సీసా నింపండి. రెండూ మూత పెట్టి మర్నాటిదాకా కదలకుండ ఉంచండి. మొదటిది ఎర్రబడి రెండోది తేటగా ఉంటే, ఎక్కువగా పైపు తుప్పే కారణం, పైపులు మార్చమని అడగొచ్చు. రెండూ ఒకే తీరుగా ఎర్రబడితే భూమిలోనే ఇనుము ఉండొచ్చు, అప్పుడు నీటి పరీక్ష చేయించాలి. రెండు సీసాల ఫొటో, ఊరి పేరు, మండలం పేరు ఇక్కడ పెట్టండి. అన్నీ ఒకచోట రాసి మండలాల వారీగా పట్టిక చేసే బాధ్యత మాది. మిషన్ భగీరథ వాళ్లకు దరఖాస్తు పెట్టేటప్పుడు పనికొస్తది. చెల్లె ల్యాబ్‌కు పోతే, ఆమెకూ పనికొస్తది.

జోహార్.